ట్విన్ టర్బో ఇంజిన్ కట్టాలంటే: రాయగడ, కొరాపుట్, బరంపురం వైపు వాళ్ళకి లెక్కలతో సహా

జత టర్బోలు (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజిన్లోకి గాలిని ఒత్తి తోసే పంపులు) ఎక్కడో తక్కువ ధరకి కనబడతాయి. కొనేస్తారు. ఆ తర్వాత వాటికి తగ్గ ఇంజిన్ కోసం వెతుకుతారు. పని తిరగబడేది అక్కడే. ఈ బిల్డ్‌లో ఏ టర్బో అన్నది దాదాపు ఆఖర్న తేలాల్సిన సంగతి. ముందు తేలాల్సినవి మూడు: కారు ఎక్కడ తోలతారు, అందులో ఏ పెట్రోలు పోస్తారు, మే నెల ఎండలో సిలిండర్లోకి వెళ్ళే గాలి ఎంత వేడిగా ఉంటుంది. ఈ మూడూ కాగితం మీద పెడితే టర్బో సైజు దానంతట అదే బయటికొస్తుంది.

ఉదాహరణకి ఆరు సిలిండర్ల ఇన్‌లైన్ ఇంజిన్ తీసుకుందాం. టయోటా 2జేజెడ్-జీటీఈ అనుకోండి: 2,997 సీసీ, బోరు 86 మి.మీ., స్ట్రోకు 86 మి.మీ., కంప్రెషన్ రేషియో 8.5. లక్ష్యం 450 హార్స్‌పవర్, క్రాంక్ దగ్గర. మీ ఇంజిన్ వేరైతే అంకెలు మార్చుకోండి, లెక్క వరస మారదు.

ముందు చట్టం సంగతి

రోడ్డు మీద తిప్పే కారుకి ఈ పని పెట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జరిమానా కంటే ఇన్సూరెన్స్ సంగతి పెద్దది: ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిప్పికొట్టడానికి వాళ్ళకి ఈ మార్పులు చాలు. కాబట్టి ఇది ట్రాక్ కారు, ట్రాక్‌కి ఫ్లాట్‌బెడ్ మీదే వెళ్తుంది. బరంపురం నుంచి చెన్నై ట్రాక్ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ రవాణా ఖర్చు మొదటి రోజే బడ్జెట్‌లో రాయండి.

ట్విన్ నిజంగా కావాలా?

ఇన్‌లైన్ సిక్స్‌కి ఒక మంచి సింగిల్ టర్బో పెడితే పైపులు సగం, లీకులు సగం, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. వీ6, వీ8 ఇంజిన్లలో ఎగ్జాస్ట్ రెండు పక్కలకి వస్తుంది గనక పక్కకొక టర్బో పెట్టడం సహజం. ఇన్‌లైన్‌లో ట్విన్ పెట్టడానికి గట్టి కారణం ఒకటే. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4 కాబట్టి ముందు మూడు సిలిండర్లని ఒక టర్బోకి, వెనక మూడింటిని ఇంకోదానికి కలిపితే, ఒక్కో టర్బోకి సరిగ్గా 240 డిగ్రీలకొక ఎగ్జాస్ట్ దెబ్బ తగులుతుంది. ఒక సిలిండర్ పొగ ఇంకో సిలిండర్‌కి అడ్డురాదు. నిస్సాన్ ఆర్‌బీ26 కూడా ఇలాగే, మూడేసి సిలిండర్లకి ఒకటి చొప్పున రెండు సమాన టర్బోలతో వచ్చింది. దీన్నే పేరలల్ అంటారు.

2జేజెడ్-జీటీఈకి కంపెనీ ఇచ్చింది సీక్వెన్షియల్: ముందు ఒకటి, తర్వాత రెండోది అందుకుంటుంది. దాని వాక్యూమ్ పైపులూ వాల్వులూ పాతబడ్డాక ఏది ఎక్కడ లీకవుతుందో పట్టుకోవడం నరకం. కొత్తగా కట్టేవాళ్ళు దాని జోలికి పోవద్దు. ఇక్కడ చెప్పేదంతా పేరలల్ గురించే.

గాలి లెక్క

1. పెట్రోలు టర్బో ఇంజిన్‌లో నిమిషానికి ఒక పౌండు గాలికి సుమారు 10 హార్స్‌పవర్. 450కి 45 పౌండ్లు, అంటే నిమిషానికి 20.4 కిలోలు. టర్బోకి 10.2 కిలోలు.

2. 6,500 ఆర్‌పీఎం దగ్గర 3 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 9.75 ఘనపు మీటర్లు పీలుస్తుంది. వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ (సిలిండర్ నిజంగా ఎంత నిండుతుందన్నది) 95 శాతం అనుకుంటే 9.26.

3. 20.4 కిలోల గాలి 9.26 ఘనపు మీటర్లలో పట్టాలంటే సాంద్రత ఘనపు మీటరుకి 2.2 కిలోలు ఉండాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) గాలి 65 డిగ్రీలుంటే అందుకు 2.14 బార్ కావాలి, ఇది అబ్సొల్యూట్, అంటే బయటి గాలి ఒత్తిడితో కలిపి. సముద్రమట్టం దగ్గర గేజి మీద అది (బయటి ఒత్తిడి పోగా మిగిలిన బూస్టు) 1.13 బార్, సుమారు 16 పీఎస్‌ఐ.

65 డిగ్రీలు ఎక్కడిదంటే, బయట 42 ఉన్న రోజున కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) ఎఫిషియెన్సీ 72 శాతమైతే టర్బో నుంచి గాలి దాదాపు 159 డిగ్రీల్లో బయటికొస్తుంది. ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చే రేడియేటర్) ఆ పెరిగిన వేడిలో 80 శాతం లాగేస్తే మిగిలేది 65. చలిదేశాల వాళ్ళ వీడియోల్లో 40, 45 డిగ్రీలు చూసి అదే బూస్టుకి అదే పవర్ వస్తుందనుకుంటే మే నెలలో ఇంజిన్ నాక్ కొడుతుంది (పెట్రోలు దానంతట అదే పేలి పిస్టన్లని కొడుతుంది). రాయగడ లోయ ఎండకి లెక్క రాయగడ ఎండతోనే వెయ్యాలి.

4. ప్రెషర్ రేషియో, అంటే కంప్రెసర్ ఇచ్చే ఒత్తిడిని దాని నోటి దగ్గరి ఒత్తిడితో భాగిస్తే వచ్చేది. ఇంటర్‌కూలర్‌లోనూ పైపుల్లోనూ 0.1 బార్ పోతుంది గనక కంప్రెసర్ 2.24 బార్ ఇవ్వాలి. ఎయిర్ ఫిల్టర్ తర్వాత కంప్రెసర్ నోటి దగ్గర, బరంపురంలో 0.98 బార్ ఉంటుంది. రేషియో 2.29. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ అదే చోట 0.89 బారే. రేషియో 2.52కి పోతుంది. పవర్ అంతే, టర్బో మాత్రం ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది.

ఇప్పుడు టర్బో మ్యాప్

కంపెనీ ఇచ్చే కంప్రెసర్ మ్యాప్ మీద అడ్డంగా గాలి, నిలువుగా ప్రెషర్ రేషియో ఉంటాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: మొత్తం గాలిని ఒక్క మ్యాప్ మీద పెడతారు. ఒక్కో టర్బోకి సగం గాలి, కానీ రేషియో పూర్తిగా. రేషియోని సగం చేయకూడదు.

మూడు చుక్కలు పెట్టండి. మొదటిది 10.2 కిలోలు, 2.29. రెండోది 10.2 కిలోలు, 2.52. మూడోది 3,500 ఆర్‌పీఎం దగ్గర పూర్తి బూస్టు వస్తే పడే చుక్క: 5.5 కిలోలు, 2.29. మొదటి రెండూ మ్యాప్ కుడి అంచుకి ఆనకుండా ఉండాలి. మూడోది ఎడమవైపు సర్జ్ గీతకి (అది దాటితే గాలి వెనక్కి తన్నుతుంది) కుడి పక్కన పడాలి. పడకపోతే ఆ ఆర్‌పీఎంలో బూస్టు తగ్గించి, పైకి వెళ్ళేకొద్దీ పెంచేలా ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్లో) పెట్టుకోండి.

గారెట్ జీటీ2554ఆర్‌కి కంపెనీ రేటింగ్ 270 హార్స్‌పవర్ దాకా. జతకి 540 కదా, 450కి చాలుకదా అనిపిస్తుంది. కానీ కొరాపుట్ చుక్క పెడితే కుడి అంచు దగ్గరకి పోతుంది. 360 దాకా రేటింగ్ ఉన్న జీటీ2860ఆర్‌ఎస్ కొంచెం ఆలస్యంగా లేస్తుంది, కానీ ఎండలోనూ ఎత్తులోనూ ఊపిరి ఆడుతుంది. ఈ ప్రాంతానికి రెండోదే సరైంది.

ఇంకొక మాట. రాయగడ, జయపురం లారీ గ్యారేజీల్లో టర్బో పని బాగా తెలిసిన మేస్త్రులున్నారు. రోజూ సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కే లారీలు వాళ్ళ చేతిమీదుగా వెళ్ళేవే. షాఫ్ట్ ఆట, ఆయిల్ లీకు చూడడంలో వాళ్ళ చెయ్యి నమ్మొచ్చు. అయితే "లారీ టర్బోలు రెండు పెట్టేద్దాం సార్" అంటే ఒప్పుకోవద్దు. డీజిల్ ఎగ్జాస్ట్ కంటే పెట్రోలు ఎగ్జాస్ట్ రెండొందల డిగ్రీల దాకా ఎక్కువ వేడి, లోడు మీద 900 దాటుతుంది. డీజిల్ కోసం పోసిన టర్బైన్ హౌసింగ్ (పొగతో తిరిగే చక్రం గూడు) ఆ వేడికి పగులు పడుతుంది.

పెట్రోలు

100 ఆక్టేన్ (నాక్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) ఉన్న ఇండియన్ ఆయిల్ పెట్రోలు ఎక్స్‌పీ100ని 2020 డిసెంబరులో పెద్ద నగరాల్లో మొదలుపెట్టారు. మీ ఊళ్ళో అది ఏడాది పొడుగునా దొరుకుతుందని ప్లాన్ చేయొద్దు. మీ దగ్గర తప్పకుండా దొరికే 95 ఆక్టేన్‌కి ట్యూన్ చేసుకోండి, 100 దొరికిన రోజు అదనపు భద్రత అనుకోండి. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగడం మీ హక్కు: చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరాలి. డెన్సిటీ 15 డిగ్రీల లెక్కన 720 నుంచి 775 మధ్య ఉండాలి.

ఇంజెక్టర్ల లెక్క ఇలా: గట్టిగా తోలినప్పుడు హార్స్‌పవర్‌కి గంటకి 272 గ్రాముల పెట్రోలు అనుకుంటే 450కి 122 కిలోలు, అంటే సుమారు 165 లీటర్లు. ఇంజెక్టర్‌కి నిమిషానికి 457 సీసీ. 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయం) దాటకూడదు గనక 571. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది, దానికి 8 శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. 617 అయింది. 750 నుంచి 850 సీసీ ఇంజెక్టర్లు తీసుకోండి.

పంపు దగ్గర చాలామంది గంటకి 255 లీటర్ల పంపు కొని ఊరుకుంటారు. ఆ 255 తక్కువ ప్రెషర్ దగ్గరి అంకె. బూస్టు మీద ఇంజెక్టర్లకి పెట్రోలిచ్చే రైల్‌లో 4 బార్ పైనే ఉంటుంది, అప్పుడది బాగా తగ్గుతుంది. పాత వైరింగులో వోల్టేజి 12కి పడిపోతే ఇంకా తగ్గుతుంది. మీకు కావాల్సింది 178 లీటర్లు. మిగులు దాదాపు ఉండదు. 450 లీటర్ల రకం పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, రిలే, ఫ్యూజు వేయండి.

బ్లాకు, పిస్టన్లు, రింగులు

బోరు హోనింగ్ (లోపలి గోడని సానపట్టడం) టార్క్ ప్లేట్ (హెడ్డు బదులు బిగించే మందపాటి పలక) బిగించి చేయించాలి. హెడ్డు బిగిస్తే బోరు కొంచెం గుండ్రం తప్పుతుంది, ప్లేట్ లేకుండా హోన్ చేసిన బోరులో రింగులు పూర్తిగా ఆనవు. విశాఖ వైపు మెషిన్ షాపుకి బ్లాకు పంపే ముందు మీ ఇంజిన్‌కి ప్లేట్ ఉందో లేదో ఫోన్లోనే అడగండి. లేకపోతే 50 మి.మీ. మందం ఉక్కు పలకతో లేత్ దగ్గర చేయించుకోవచ్చు. హెడ్ స్టడ్లూ గ్యాస్కెట్టూ మీరు వాడబోయేవే బ్లాకుతో పంపండి.

ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ సాగుతుంది. 2618 అల్యూమినియం పిస్టన్‌కి గోడ ఖాళీ 0.08 నుంచి 0.10 మి.మీ., చల్లగా ఉన్నప్పుడు కాస్త టకటక వస్తుంది, భయపడొద్దు. మామూలు ఇంజిన్ అలవాటులో 0.04 పెడితే బిగుసుకుపోతుంది.

రింగు గ్యాపు మీద మొత్తం ఇంజిన్ ఆయుష్షు ఉంది. 86 మి.మీ. బోరుకి పై రింగు 0.45 నుంచి 0.50 మి.మీ., రెండోది 0.50 నుంచి 0.55. పిస్టన్ కంపెనీ కాగితంలో వేరే అంకె ఉంటే అదే వాడండి. "గ్యాపు తగ్గితే కంప్రెషన్ పెరుగుతుంది కదా" అని లోకల్ మేస్త్రి 0.30 పెడితే, పూర్తి బూస్టులో రింగు చివర్లు సాగి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రింగు బోరుకి పట్టేసి పిస్టన్ గాడి విరుగుతుంది. విప్పి చూస్తే రింగు చివర్లు అద్దంలా మెరుస్తుంటాయి, అదే గుర్తు. ప్రతి రింగునీ దాని బోరులోనే, పిస్టన్‌తో తిన్నగా తోసి, ఫీలర్ గేజితో కొలిచి, ఫైలు ఒకే దిశలో, బయటి నుంచి లోపలికి పట్టండి. చివర గరుకు తీయడం మర్చిపోవద్దు.

బేరింగు ఖాళీ: జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) 52 మి.మీ. అయితే 0.05 మి.మీ. దగ్గర. ప్లాస్టిగేజితో (నలిగిన వెడల్పుని బట్టి ఖాళీ చెప్పే సన్నటి తీగతో) ప్రతిదీ చూడండి. క్లచ్చూ గేరుబాక్సూ కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 550 న్యూటన్ మీటర్ల పైన టార్క్ వచ్చే ఇంజిన్ వెనక డబ్ల్యూ58 లాంటి చిన్న గేరుబాక్సు ఎన్నాళ్ళో ఆగదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డు

ఈ పనికి పట్నం పోనక్కర్లేదు. జేకేపూర్ కాగితం మిల్లు, దామన్‌జోడి నాల్కో, సునాబెడ హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం ఇది. ప్లాంటు షట్‌డౌన్లలో ప్రెషర్ పైపులు టిగ్ (ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగు) చేసే వెల్డర్లు మామూలు కారు గ్యారేజీ వెల్డర్ కంటే ఎన్నో రెట్లు మేలు. 304 స్టెయిన్‌లెస్, షెడ్యూల్ 40 ఎల్బోలు, ఒకటింపావు అంగుళం సైజు, లోపలి వ్యాసం 35 మి.మీ. దగ్గర. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి వెల్డ్ చేయమనండి. లేకపోతే లోపలివైపు జాయింటు నల్లగా పొక్కుతుంది, ఆ పెచ్చు ఒకటి ఊడితే నేరుగా టర్బైన్ రెక్కలకి తగులుతుంది. ఫ్లాంజిలు 12 మి.మీ. కన్నా పలచనైతే వంగిపోతాయి. వెల్డ్ అయ్యాక సర్ఫేస్ గ్రైండింగ్ తప్పనిసరి. టర్బో బరువు మానిఫోల్డు మీదే వేలాడకుండా బ్లాకుకి ఒక ఆసరా పట్టీ ఇవ్వండి, అది ముందు వెనకలకి కొంచెం సాగే వీలుండాలి.

రెండు టర్బోలూ ఒక్కలా పనిచేయాలి

పేరలల్‌లో తలనొప్పి అంతా ఇదే. ఒకటి ముందు లేచి బూస్టు ఇస్తే, ఆ గాలి వెనక్కి తన్ని రెండోదాన్ని సర్జ్‌లో పడేస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు బుసబుసమని కొట్టుకునే చప్పుడు వస్తే ఇదే. వేస్ట్‌గేటు (బూస్టు మించకుండా పొగని పక్కకి వదిలే తలుపు) స్ప్రింగులు రెండూ ఒకే రేటు, 0.7 బార్. ప్రెషర్ లైను రెండింటికీ ఒకేచోటి నుంచి, టీ నుంచి సమాన పొడవు గొట్టాలతో. ఆ తలుపుని కదిపే యాక్చువేటర్ రాడ్ ప్రీలోడ్ (ముందస్తు బిగువు) చూడాల్సింది కంటితో కాదు: సైకిల్ పంపు, గేజి పెట్టి రెండూ ఏ ప్రెషర్ దగ్గర కదలడం మొదలుపెడుతున్నాయో చూసి కలపండి. ముందు మూడు సిలిండర్లకి ఒకటి, వెనక మూడింటికి ఒకటి చొప్పున ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్లు పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది.

రెండు టర్బోల గాలి కలిసే చోట పైపులు ఎదురెదురుగా గుద్దుకోకూడదు. వై ఆకారంలో, 30 డిగ్రీల లోపు కోణంలో కలవాలి.

ఆయిలు

బాల్ బేరింగ్ టర్బోకి ఆయిల్ లైనులో సుమారు 1 మి.మీ. రెస్ట్రిక్టర్ (ఆయిలు తగ్గించి వదిలే సన్న రంధ్రం) కావాలి. ఒక్కోదానికి ఒక్కోటి. మామూలు జర్నల్ బేరింగ్ టర్బోకి అది పెడితే బేరింగు కాలిపోతుంది. తిరుగు పైపు లోపలి వ్యాసం కనీసం 16 మి.మీ., ఎక్కడా పైకి లేవకుండా కిందికే వాలుతూ, సంపులో ఆయిలు మట్టానికి పైన కలవాలి. పొగ వస్తే టర్బో సీలు పోయిందని కొత్తది కొంటారు. పదిసార్లలో ఎక్కువసార్లు తప్పు ఈ పైపుదో, క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే దారిదో అవుతుంది. వాల్వ్ కవర్ నుంచి క్యాచ్ క్యాన్‌కి (ఆయిలు ఆవిరిని పట్టే డబ్బాకి) రెండు లావు గొట్టాలు వేయండి. టర్బోలకి కూలెంట్ లైను వదిలేయొద్దు, ఇంజిన్ ఆపాక లోపలి ఆయిలు మాడకుండా కాపాడేది అదే.

మొదటి స్టార్టు, ట్యూనింగు

స్టార్టు చేయకముందే లీకు పరీక్ష. కంప్రెసర్ నోళ్ళు మూసి, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో రెగ్యులేటర్ పెట్టి 1.2 బార్ ఎక్కించి, ప్రతి జాయింటుకీ సబ్బునీళ్ళు కొట్టండి. క్లాంపులు టీ-బోల్ట్‌వే వాడండి. పైపు చివర బీడ్ (ఉబ్బెత్తు అంచు) లేకపోతే సిలికాన్ గొట్టం ఏదో ఒక రోజు ఊడుతుంది.

ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పండి. మొదటి ఆయిలు మినరల్ 20డబ్ల్యూ-50. అరగంట నడిచాక మార్చి, ఫిల్టరు కోసి మడతల్లో లోహపు మెరుపు ఉందేమో చూడండి. రింగులు కూర్చునేదాకా వేస్ట్‌గేటు స్ప్రింగు బూస్టు దాటొద్దు.

మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డు ఒత్తిడి కొలిచేది) 3 బార్‌ది, అబ్సొల్యూట్. కొరాపుట్‌లో ట్యూన్ చేసి చెన్నై దింపితే బయటి గాలి ఒత్తిడే 0.1 బార్ పెరుగుతుంది. బూస్టు అబ్సొల్యూట్ లెక్కన కంట్రోల్ చేయని ఈసీయూలో మానిఫోల్డు ప్రెషర్ కూడా అంతే పెరుగుతుంది. పెట్రోలు, టైమింగు (ప్లగ్గు ఎంత ముందుగా నిప్పు వేయాలన్నది) టేబుళ్ళలో ఎక్కువ ప్రెషర్ ఉన్న పై గళ్ళు ఖాళీగా వదలకండి. ఛాసిస్ డైనో (కారుని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) కావాలంటే చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు వైపు పోవాల్సిందే, కారు తీసుకెళ్ళేది ట్రాక్‌కే కాబట్టి రెండు పనులూ ఒక ప్రయాణంలో కలపండి.

మిక్స్చర్ చూడడానికి గేజిని లాంబ్డాలో పెట్టుకోండి (1 అంటే గాలీ పెట్రోలూ సమతూకం, తక్కువైతే పెట్రోలు ఎక్కువ). ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి అనే లెక్క ఇథనాల్ లేని పెట్రోలుది. 20 శాతం కలిసినదానికి సమతూకం 13.5 దగ్గర. పూర్తి బూస్టులో లాంబ్డా 0.78 నుంచి 0.80. ప్లగ్గు గ్యాపు 0.6 నుంచి 0.7 మి.మీ., కంపెనీ ప్లగ్గు కంటే ఒకట్రెండు మెట్లు చల్లటి రకం. బూస్టులో ఇంజిన్ ఆగిఆగి తన్నితే పెట్రోలు మీద పడకుండా ముందు ప్లగ్గు గ్యాపు చూడండి. టైమింగు తక్కువ నుంచి మొదలుపెట్టి ఒక్కో డిగ్రీ పెంచండి. నాక్ సెన్సర్ కదిలిన చోట రెండు డిగ్రీలు వెనక్కి రండి. ఇన్‌టేక్ గాలి 60 దాటిన దగ్గర్నుంచి టైమింగు తగ్గేలా, 75 దాటితే బూస్టు స్ప్రింగు స్థాయికి పడిపోయేలా ఈసీయూలో ఇప్పుడే రాయండి.

ఆయిల్ ప్రెషర్ పడినా, లాంబ్డా 0.85 పైకి పోయినా, రెండు ఎగ్జాస్ట్ సెన్సర్ల మధ్య 50 డిగ్రీల పైన తేడా వచ్చినా కాలు తీసేయాలి. మొదటి ట్రాక్ రోజు అయ్యాక ఇంజిన్ వేడిగా ఉండగానే ఆరు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ చూడండి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన దానికీ తక్కువ వచ్చిన దానికీ తేడా పది శాతం దాటితే, తక్కువ వచ్చిన సిలిండర్లో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలవండి: అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్టు.